ఎక్సర్‌సైజ్ మీద ఆసక్తి పోయినప్పుడు ఆరుబయట నడక ఏం మారుస్తుంది, ఎంతవరకు మారుస్తుంది

ఎక్సర్‌సైజ్ మానేసి నెలలైంది, మళ్ళీ మొదలుపెట్టబుద్ధి కావట్లేదు అని ఎవరైనా అంటే ఈమధ్య బాగా వినిపిస్తున్న సలహా ఒకటుంది. జిమ్ని కొన్నాళ్ళు పక్కనపెట్టి చెట్లూ చేమలూ నీళ్ళూ ఉన్నచోటికి వెళ్ళి నడవండి, ఆసక్తి దానంతటదే తిరిగొస్తుంది అని. వినడానికి బాగానే ఉంటుంది, కానీ చాలామందికి డౌటు కూడా వస్తుంది, నడక ఎక్కడైనా నడకే కదా, పక్కన చెట్టుందో గోడుందో గుండెకీ కాళ్ళకీ ఏం తెలుస్తుంది, ఇది నిజంగా పనిచేసేదేనా లేక ఫోటోలకి బాగుంటుందని పుట్టిన ఫ్యాషనా అని. న్యాయమైన డౌటే, ఎందుకంటే సలహా ఇచ్చేవాళ్ళు అది ఎలా పనిచేస్తుందో చెప్పకుండా "వెళ్ళి చూడండి, మీకే తెలుస్తుంది" అని వదిలేస్తుంటారు.

విషయం చిన్నదేం కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో బయటపెట్టిన లెక్క ప్రకారం 2022లో పెద్దవాళ్ళలో దాదాపు 31 శాతం మంది, అంటే సుమారు 180 కోట్ల మంది, శరీరానికి కావాల్సినంత కదలిక లేకుండా గడుపుతున్నారు. కావాల్సినంత అంటే మరీ ఎక్కువేం కాదు, వారానికి కనీసం 150 నిమిషాలు ఓ మోస్తరు ఎక్సర్‌సైజ్, లేదంటే 75 నిమిషాలు గట్టిగా చేసేది. ఇంతమందికీ ఎక్సర్‌సైజ్ మంచిదన్న సంగతి తెలియదనుకోలేం, తెలిసీ మొదలుపెట్టలేకపోవడం, మొదలుపెట్టినా నిలబెట్టుకోలేకపోవడం దగ్గరే చాలామంది ఆగిపోతున్నారు.

క్లుప్తంగా చెప్పాలంటే: రేపు ఎక్సర్‌సైజ్ చేస్తామా లేదా అన్నది నిన్నటిది ఎలా గుర్తుండిపోయిందో దాని మీద చాలా ఆధారపడుతుంది. ఆరుబయట చేసినప్పుడు అదే పని తక్కువ కష్టంగా అనిపిస్తుంది, మనసు తేలికవుతుంది, కాబట్టి గుర్తుండేది కూడా మంచిగా గుర్తుంటుంది. దీనికి ఆధారాలు బాగానే ఉన్నాయి. కానీ మళ్ళీ చెయ్యాలనిపించడానికీ నెలల తరబడి చెయ్యడానికీ మధ్య ఇంకా చాలా దూరం ఉంది, ఆ దూరాన్ని ప్రకృతి ఒక్కటే దాటించలేదు.

ఆసక్తి పోవడం అంటే లోపల ఏం జరుగుతుంది

మోటివేషన్ అనగానే లోపల ఎక్కడో నిల్వ ఉండే పట్టుదల అనుకుంటాం, అది అయిపోయిందని బాధపడతాం, బద్ధకస్తులం అని తిట్టుకుంటాం. పరిశోధనల్లో కనిపించే బొమ్మ అలా లేదు. 2008లో డేవిడ్ విలియమ్స్, ఆయన టీమ్ ఎక్సర్‌సైజ్ అలవాటు లేనివాళ్ళని ట్రెడ్‌మిల్ మీద ఓ మోస్తరు స్పీడులో నడిపించి, నడుస్తుండగానే ఇప్పుడెలా అనిపిస్తోంది అని అడిగారు. ఆ మధ్యలో బాగుంది అన్నవాళ్ళు 6 నెలల తర్వాత చూసినా, 12 నెలల తర్వాత చూసినా మిగతావాళ్ళ కంటే ఎక్కువ ఎక్సర్‌సైజ్ చేస్తున్నట్టు తేలింది. అయిపోయాక హమ్మయ్య అనిపించడం అందరికీ ఉంటుంది, చేస్తుండగా ఎలా ఉంది అన్నదే ఇక్కడ లెక్కకొచ్చింది.

దీని వెనక ఒక శారీరక కారణం కూడా ఉంది. ఎక్సర్‌సైజ్ సైకాలజీలో ఎకెకాకిస్ అనే పరిశోధకుడు చాలాకాలంగా చెబుతున్నది ఏంటంటే, నడుస్తూనో పరిగెడుతూనో మాట్లాడగలిగినంతసేపు మనిషి మనిషికీ ఫీలింగ్ వేరువేరుగా ఉంటుంది, కొందరికి బాగుంటుంది కొందరికి ఉండదు, కానీ మాట తడబడి ఎగశ్వాస మొదలయ్యే హద్దు దాటాక మాత్రం దాదాపు అందరికీ చిరాకే. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు, చాలాకాలం గ్యాప్ తర్వాత తిరిగొచ్చేవాళ్ళు, మొదటి రోజే ఆ హద్దు దాటేస్తారు, పాత ఫామ్ గుర్తుంటుంది కాబట్టి అదే స్పీడు పెడతారు, శరీరం ఆ స్థాయిలో ఉండదు, అప్పుడు మిగిలేది దగ్గు, ఒళ్ళునొప్పులు, ఇంకోసారి వెళ్ళాలంటే భయం. ఇలాంటి జ్ఞాపకాలు నాలుగైదు పేరుకున్నాక ఇంక బూట్లు చూస్తేనే మనసు వెనక్కి లాగుతుంది. దీన్ని బద్ధకం అనడం అన్యాయం, శరీరం తనకి తగిలినదాన్ని గుర్తుపెట్టుకుంటోంది అంతే.

డబ్బు కట్టేస్తే వెళ్ళక తప్పదు కదా అనే లెక్క కూడా పెద్దగా నిలబడలేదు. అమెరికాలో డెల్లావిన్యా, మాల్మెండియర్ అనే ఇద్దరు ఎకనామిస్టులు జిమ్ మెంబర్ల హాజరు రికార్డులు చూసి 2006లో రాసినదాని ప్రకారం, నెలవారీ మెంబర్‌షిప్ తీసుకున్నవాళ్ళు వెళ్ళే రోజులు ఎంత తక్కువంటే, ఏ రోజుకారోజు డబ్బు కట్టి వెళ్ళినా అంతకంటే చవగ్గా అయ్యేది. మెంబర్‌షిప్ తీసుకునేటప్పుడు భవిష్యత్తులో ఎన్నిసార్లు వెళ్తామో ఎక్కువగా ఊహించుకున్నారు.

ఇంకో కారణం అంకెలు. అడుగులు, క్యాలరీలు, నిమిషాలు కొలుచుకోవడం మొదట్లో ఉత్సాహం ఇస్తుంది, అందులో అబద్ధం లేదు, కానీ జోర్డాన్ ఎట్కిన్ 2016లో చేసిన ప్రయోగాల్లో నడకలాంటి సరదా పనుల్ని కొలవడం మొదలుపెట్టగానే జనం ఎక్కువే చేశారు గానీ ఆనందం తగ్గిందన్నారు, పని చేస్తున్నట్టు అనిపించిందన్నారు, కొలవడం ఆపేశాక ఆ పని మీద మోజు కూడా తగ్గింది. రోజుకి 10,000 అడుగులు అన్న లెక్క కూడా ఏదో వైద్య పరిశోధనలోంచి వచ్చింది కాదు, 1965లో జపాన్లో అమ్మకానికి వచ్చిన ఒక అడుగులు లెక్కపెట్టే మిషన్ పేరులోంచి వచ్చింది. ఆ అంకె అందలేదని రోజూ బాధపడేవాళ్ళు ఈ సంగతి తెలుసుకోవాలి.

ట్రెడ్‌మిల్ మీద ఏం జరుగుతుంది, మట్టిదారి మీద ఏం జరుగుతుంది

ట్రెడ్‌మిల్ ఎక్కిన మనిషి కళ్ళ ముందు ఏముంటుందో ఒకసారి చూడాలి. ఎర్రంకెల్లో టైమ్ నడుస్తుంటుంది, పక్కన క్యాలరీలు, కింద స్పీడు, ఎదురుగా గోడో అద్దమో టీవీనో. కాళ్ళు వేగంగా కదులుతుంటాయి కానీ కళ్ళకి మాత్రం ఏదీ వెనక్కి జరగదు. మామూలుగా నడిచేటప్పుడు చుట్టూ ఉన్నవి వెనక్కి పోతున్నట్టు కనపడటాన్ని బట్టే ఎంత స్పీడులో వెళ్తున్నామో మెదడు లెక్కేసుకుంటుంది, ఆ సమాచారం ఇక్కడ అందదు. చూడ్డానికి ఇంకేం లేక దృష్టి రెండు చోట్లకే పోతుంది, ఒకటి ఆ టైమ్ అంకె మీదకి, రెండోది సొంత ఒంట్లోకి, అంటే ఊపిరి, పిక్కల్లో బరువు, పక్కటెముకల కింద పట్టేసిన చోటు. చూసిన ప్రతిసారీ 40 సెకన్లే గడిచి ఉంటాయి.

మట్టిదారిలో ఆ దృష్టికి వేరే పని ఉంటుంది. బయటికి తేలిన వేరు ఒకటి కనపడుతుంది, దాన్ని తప్పించాలా తొక్కాలా అని పాదం పడకముందే కళ్ళు తేల్చుకోవాలి, తర్వాత రాళ్ళు, తర్వాత తడి, మలుపు తిరిగాక ఎండ మొహం మీద పడుతుంది, ఎక్కడో పిట్ట అరుస్తుంది, తల అటు తిరుగుతుంది. స్పీడు ఎవరూ పెట్టరు, ఎక్కుడు వస్తే తగ్గుతుంది దిగుడు వస్తే పెరుగుతుంది, ఆయాసం హద్దు దాటేలోపే కాళ్ళు వాటంతటవే నెమ్మదిస్తాయి. ముందు చెప్పుకున్న చిరాకు హద్దు గుర్తుంది కదా, బయట నడిచేవాళ్ళు దాన్ని తెలియకుండానే తప్పించుకునే అవకాశం ఎక్కువ, ఎందుకంటే బెల్టు వెనకనుంచి తరమదు.

ఇది ఊహ మాత్రమే కాదు, కొలిచి చూశారు. 1991లో సెచీ, హాస్‌మెన్ అనే పరిశోధకులు కొంతమందిని కష్టం ఒకే స్థాయిలో అనిపించేలా పరిగెత్తమని, ఒకసారి ట్రెడ్‌మిల్ మీద ఒకసారి బయట పరిగెత్తించారు, అదే కష్టం అనిపించే స్థాయిలో బయట ఎక్కువ స్పీడులో పరిగెత్తారు. 2009లో బ్రయాన్ ఫోక్ట్ చేసిన స్టడీలో యువతులు 10 నిమిషాలు ల్యాబ్‌లో, 10 నిమిషాలు ఆరుబయట తమకి నచ్చిన స్పీడులో నడిచారు, బయట నడిచినప్పుడు స్పీడు ఎక్కువ, కష్టం తక్కువ అనిపించడం, ఆనందం ఎక్కువ, మళ్ళీ ఇలా నడవాలనుంది అన్న మాటా ఎక్కువే. తమాషా ఏంటంటే బయట పరిగెత్తేటప్పుడు గాలి అడ్డం వల్ల నిజానికి పని కాస్త ఎక్కువే పడుతుంది, అందుకే ఆ ఖర్చుకి సమానం చెయ్యాలంటే ట్రెడ్‌మిల్‌కి 1 శాతం ఎత్తు పెట్టాలని 1996లో జోన్స్, డౌస్ట్ కొలిచి చెప్పారు. పని ఎక్కువ, అనిపించే కష్టం తక్కువ, అంటే ఇక్కడ మారుతున్నది కండరాల లెక్క కన్నా ముందు మెదడు వేసే లెక్క.

ఆకుపచ్చ రంగుకే ఏదైనా మహిమ ఉందా అని కూడా 2012లో బ్రిటన్లో ఒక చిన్న ప్రయోగం చేశారు. ఎక్సర్‌సైజ్ సైకిల్ తొక్కుతున్నవాళ్ళకి ఒకే దారి వీడియోని మామూలు రంగుల్లో ఒకసారి, బ్లాక్ అండ్ వైట్‌లో ఒకసారి, ఎరుపు రంగులో ఒకసారి చూపిస్తే, మామూలు ఆకుపచ్చలో చూసినప్పుడు కష్టం తక్కువగా అనిపించిందన్నారు. పాల్గొన్నది 14 మందే కాబట్టి దీని మీద పెద్ద మేడలు కట్టకూడదు, కానీ దిశ మాత్రం మిగతావాటితో సరిపోతోంది.

అలిసిపోయిన దృష్టికి విశ్రాంతి

సాయంత్రానికి ఎక్సర్‌సైజ్ చెయ్యబుద్ధి కాకపోవడంలో ఒంటి అలసట వాటా ఎంత, మనసు అలసట వాటా ఎంత అని విడదీసి చూస్తే, కూర్చుని పనిచేసేవాళ్ళలో రెండోదే ఎక్కువ కావచ్చు. రోజంతా స్క్రీన్ మీద దృష్టి బలవంతంగా నిలిపి ఉంచాక ఇంకో "చెయ్యాల్సిన పని" అంటే మెదడు ఒప్పుకోదు.

రేచెల్ కాప్లాన్, స్టీఫెన్ కాప్లాన్ దంపతులు 1989లో ఒక సిద్ధాంతాన్ని వివరంగా ముందుకు తెచ్చారు, బలవంతంగా నిలిపే దృష్టి వాడేకొద్దీ అలిసిపోతుందని, ఆకుల కదలిక, నీటి అలలు, మబ్బులు లాంటివి దృష్టిని మెత్తగా పట్టుకుంటాయి కానీ దాన్నుంచి ఏమీ అడగవు కాబట్టి ఆ సమయంలో అలిసిన భాగం కోలుకుంటుందని. ట్రాఫిక్ ఉన్న రోడ్డు కూడా దృష్టిని పట్టుకుంటుంది, కానీ అక్కడ హారన్, సిగ్నల్, పక్కనుంచి దూసుకొచ్చే బండి, ప్రతిదానికీ వెంటనే స్పందించాలి, విశ్రాంతి ఎక్కడిది.

2008లో మిషిగన్ యూనివర్సిటీలో బెర్మన్ టీమ్ ఇదే పరీక్షించింది. ఒకసారి చెట్ల తోటలో, ఒకసారి ఊరి నడిబొడ్డు వీధుల్లో దాదాపు 50 నిమిషాలు నడిపించి, అంకెల వరస వినిపించి దాన్ని వెనకనుంచి ముందుకి చెప్పమన్నారు. తోటలో నడిచొచ్చాక స్కోర్ బాగా పెరిగింది, వీధుల్లో నడిచొచ్చాక అంత పెరగలేదు. గమనించాల్సింది ఇంకోటుంది, మూడ్ ఎంత బాగుపడింది అన్నదానికీ స్కోర్ ఎంత పెరిగింది అన్నదానికీ సంబంధం కనపడలేదు, అంటే అబ్బ ఎంత బాగుందో అనిపించకపోయినా మెదడుకి అందాల్సింది అందుతోంది. ప్రకృతిని చూసి పరవశించే స్వభావం తమకి లేదు కాబట్టి ఇది తమకి కాదు అనుకునేవాళ్ళకి ఇది పనికొచ్చే సంగతి. 2015లో స్టాన్‌ఫర్డ్‌లో బ్రాట్‌మన్ చేసిన ఇంకో స్టడీలో 90 నిమిషాలు పచ్చదనంలో నడిచినవాళ్ళలో చేదు ఆలోచనలు తిరిగితిరిగి రావడం తగ్గింది, ఆ ఆలోచనలతో సంబంధమున్న మెదడు భాగంలో చురుకుదనం కూడా తగ్గింది, రద్దీ రోడ్డు పక్కన అంతే సేపు నడిచినవాళ్ళలో తగ్గలేదు.

వెలుతురు, నేల

వెలుతురు సంగతి చాలామంది పట్టించుకోరు కానీ తేడా చాలా పెద్దది. ఇళ్ళలో ఆఫీసుల్లో లైట్లన్నీ వేసినా 300 నుంచి 500 లక్స్ (వెలుతురుని కొలిచే యూనిట్) దగ్గర ఉంటుంది, ఇంట్లో అయితే ఇంకా తక్కువే, బయట మబ్బు పట్టిన రోజున కూడా వేలల్లో ఉంటుంది, మంచి ఎండలో 50,000 దాటి లక్ష దాకా వెళ్తుంది. కళ్ళు వెంటనే సర్దుకుంటాయి కాబట్టి మనకి ఆ తేడా తెలియదు. కంట్లో చూపుతో సంబంధం లేకుండా వెలుతురు ఎంతుందో మాత్రమే కొలిచి మెదడులోని గడియారానికి చెప్పే కణాలుంటాయి, పొద్దున్న పూట వాటికి గట్టి వెలుతురు తగిలితే పగలు మెలకువ బాగుంటుంది, రాత్రి నిద్ర టైముకి వస్తుంది. నిద్ర బాగుంటే మర్నాడు ఎక్సర్‌సైజ్ చెయ్యాలన్న ఓపిక ఉంటుంది, ఇది నేరుగా వచ్చే ఫలితం కాదు, చుట్టూ తిరిగి వచ్చేది, అయినా వారాల లెక్కలో చూస్తే దీని వాటా తక్కువేం కాదు.

నేల విషయానికొస్తే, ఎగుడుదిగుడు నేల మీద నడవడానికి శక్తి ఎక్కువ పడుతుంది. 2013లో వోలోషినా టీమ్ ల్యాబ్‌లోనే రెండున్నర సెంటీమీటర్ల దాకా హెచ్చుతగ్గులున్న నేల తయారుచేసి నడిపిస్తే, సమతలంతో పోలిస్తే ఖర్చు 28 శాతం పెరిగింది. ఇసుకలో అయితే నడకకి రెండు రెట్ల కన్నా ఎక్కువే పడుతుందని 1998లో లెజూన్ కొలిచాడు. నెమ్మదిగా నడిచినా మంచి పని జరుగుతోందన్నమాట, మడమ చుట్టూ ఉన్న చిన్న కండరాలు, బ్యాలెన్స్ కాపాడే నరాలు అన్నీ పనిలోకి వస్తాయి. స్పీడు పెంచకుండానే కష్టం పెంచుకోగలగడం, ఆయాసం అంటే భయపడేవాళ్ళకి నిజంగా మంచి దారి.

బయల్దేరకముందే తప్పే అంచనా

ఇన్ని లాభాలుంటే జనం ఎగబడి వెళ్ళాలి కదా, ఎందుకు వెళ్ళరు? ఇక్కడే ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికన్నా ముఖ్యమైన మెలిక ఉంది.

కెనడాలోని కార్ల్‌టన్ యూనివర్సిటీలో బిల్డింగుల మధ్య తిరగడానికి భూమి కింద సొరంగాలున్నాయి. 2011లో నిస్‌బెట్, జెలెన్‌స్కీ అనే ఇద్దరు దాన్ని వాడుకుని, కొంతమందిని ఆ సొరంగాల్లో, కొంతమందిని దగ్గర్లోనే ఉన్న ఆరుబయటి దారిలో నడిపించారు. బయట నడిచినవాళ్ళు ఎక్కువ సంతోషంగా ఉన్నారు, అది ఊహించినదే. కానీ ముందుగా అంచనా చెప్పమంటే, బయట నడిస్తే ఎంత బాగుంటుందో జనం తక్కువ చేసి చెప్పారు. రోజూ కళ్ళ ముందున్న దారే, దాని విలువే సరిగ్గా కట్టలేకపోయారు. అదే ఏడాది మాథ్యూ రూబీ టీమ్ ఎక్సర్‌సైజ్ మొత్తం మీద ఇలాంటిదే చూపించింది, జనం తమ వర్కవుట్ ఎంత నచ్చుతుందో ముందుగా తక్కువ అంచనా వేస్తారు, ఎందుకంటే ఊహలో మొదటి కొన్ని నిమిషాలే కనపడతాయి, ఆ మొదలే కదా అన్నిటికన్నా ఇబ్బందిగా ఉండేది.

ఈ రెండూ కలిపితే ఒక విష వలయం కనపడుతుంది. అంచనా తక్కువ కాబట్టి వెళ్ళరు, వెళ్ళరు కాబట్టి ఆ అంచనా తప్పని తెలుసుకునే అవకాశమే రాదు. అంటే వెళ్ళాలనిపించేదాకా ఆగితే, ఆ అనిపించడం ఎప్పటికీ రాకపోవచ్చు, ఆసక్తి వచ్చాక వెళ్ళడం కాకుండా వెళ్ళాకే ఆసక్తి వచ్చే వ్యవహారం ఇది.

ఐదు నిమిషాలు, రెండు గంటలు

ఎంత చేస్తే సరిపోతుంది అన్నదానికి రెండు అంకెలు తరచుగా కనపడతాయి, రెండూ వేరువేరు ప్రశ్నలకి జవాబులు కాబట్టి జనం కన్ఫ్యూజ్ అవుతుంటారు.

మొదటిది 2010లో బార్టన్, ప్రెటీ ఇచ్చింది. బ్రిటన్లో జరిగిన 10 స్టడీల్లోని 1,252 మంది లెక్కలు కలిపి చూస్తే, పచ్చదనంలో ఎక్సర్‌సైజ్ వల్ల మూడ్‌లో, తమ మీద తమకుండే గౌరవంలో వచ్చే మార్పు మొదటి 5 నిమిషాల్లోనే ఎక్కువగా కనపడింది, తర్వాత కూడా లాభం ఉంది గానీ నిమిషానికి వచ్చే లాభం తగ్గుతూ పోయింది. ఇది ఒక్కసారి వెళ్ళినప్పటి సంగతి. రెండోది 2019లో మాథ్యూ వైట్ టీమ్ ఇంగ్లండ్‌లో దాదాపు 20,000 మంది మీద చేసినది, వారానికి మొత్తం 120 నిమిషాలు ప్రకృతిలో గడిపినవాళ్ళు ఆరోగ్యం బాగుందని, జీవితం తృప్తిగా ఉందని చెప్పే అవకాశం ఎక్కువ, అది ఒకేసారి గడిపారా ముక్కలుముక్కలుగా గడిపారా అన్నదాంతో తేడా రాలేదు. అయితే ఇది ఒకే సమయంలో అడిగి తెలుసుకున్న సర్వే, ఆరోగ్యం బాగున్నవాళ్ళే బయట ఎక్కువ తిరుగుతున్నారేమో అన్న అనుమానానికి చోటు ఉంది. 120 అన్నది మందు డోసు కాదు, దాన్ని ఇంకో టార్గెట్ చేసుకుని రోజూ కొలవడం మొదలుపెడితే మళ్ళీ అంకెల గొడవలోకే వెళ్ళినట్టు.

ఆసక్తి తిరిగి తెచ్చుకోవడానికి ఈ రెంటిలో 5 నిమిషాల అంకే ఎక్కువ పనికొస్తుంది. కొండలూ అడవులూ అక్కర్లేదు, వారాంతానికి ప్రయాణం పెట్టుకోనక్కర్లేదు, నడిచి వెళ్ళగలిగినంత దూరంలో నాలుగు చెట్లున్న దారి చాలు. దూరంగా ఉన్న అందమైన చోటికి నెలకోసారి వెళ్ళడం మంచి విహారం, అందులో సందేహం లేదు, కానీ అలవాటు కావాలంటే అంత అందంగా లేకపోయినా దగ్గర్లో ఉన్నదే గెలుస్తుంది, ఎందుకంటే అలవాటుకి కావాల్సింది ఎన్నిసార్లు అన్నది.

అనిపించడం వేరు, కొనసాగించడం వేరు

2011లో థాంప్సన్ కూన్ టీమ్ ఆరుబయట ఎక్సర్‌సైజ్‌నీ నాలుగ్గోడల మధ్య ఎక్సర్‌సైజ్‌నీ పోల్చిన 11 ట్రయల్స్, మొత్తం 833 మంది, ఒకచోట చేర్చి చూసింది. బయట చేసినవాళ్ళలో ఉత్సాహం, హుషారు ఎక్కువ, టెన్షన్, చిరాకు తక్కువ, మళ్ళీ చెయ్యాలనుంది అన్నవాళ్ళూ ఎక్కువే. కానీ అసలు ప్రశ్న, అంటే నిజంగా నెలల తరబడి చేశారా అన్నది, ఆ 11లో ఒక్కటీ కొలవలేదు. ఈ విషయం మీద రాసే చాలా వ్యాసాలు మొదటి సగం చెప్పి రెండో సగం వదిలేస్తాయి, పాఠకులకి అది మేలు చెయ్యదు.

ఎందుకంటే మళ్ళీ చెయ్యాలనిపించడం అలవాటుగా మారాలంటే వేరే పదార్థాలు కావాలి. ఫిలిపా లాలీ 2010లో లండన్‌లో చేసిన స్టడీలో ఒక కొత్త పని ఆలోచించకుండా చేసే స్థాయికి రావడానికి సగటున 66 రోజులు పట్టింది, కానీ మనిషిని బట్టి, పనిని బట్టి 18 రోజుల నుంచి 254 రోజుల దాకా ఉంది, మధ్యలో ఒక రోజు తప్పితే పెద్ద నష్టం కూడా జరగలేదు. అక్కడ పనిచేసింది ఒకే సందర్భానికి ఒకే పనిని ముడెయ్యడం, టిఫిన్ చెయ్యగానే నడక అన్నట్టు.

డెసీ, రయాన్ అనే సైకాలజిస్టులు 1980ల నుంచి చెబుతున్నది కూడా ఇక్కడ కలుస్తుంది. ఎవరో తోస్తే కాకుండా మనిషి తనంతట తాను చెయ్యాలంటే మూడు కావాలి, తన ఇష్టప్రకారం చేస్తున్నాననే భావన, చెయ్యగలననే నమ్మకం, తోటివాళ్ళతో బంధం. ఆరుబయట మొదటి రెండూ బాగా దొరుకుతాయి, ఏ దారి, ఎంత దూరం, ఎక్కడ ఆగాలి అన్నీ సొంత నిర్ణయాలు, పక్కన ఎవరూ అద్దంలో పోల్చి చూడరు, మొన్న ఎక్కలేకపోయిన మిట్ట ఇవాళ ఎక్కితే ఆ సంగతి కాళ్ళకే తెలుస్తుంది. మూడోది మాత్రం చెట్లు ఇవ్వవు, మనుషులే ఇవ్వాలి. 2004 అక్టోబర్ 2న లండన్ బుషీ పార్కులో 13 మంది రన్నర్లతో మొదలైన పార్క్‌రన్ ఇవాళ 20కి పైగా దేశాల్లో జరుగుతోందంటే కారణం పార్కు ఒక్కటే అనలేం, ప్రతివారం ఒకే రోజు, ఒకే టైము, ఒకే చోటు, 5 కిలోమీటర్లు, ఫీజు లేదు, నడిచినా ఎవరూ ఏమనరు, రాకపోతే ఎవరో ఒకరు ఏమైంది అని అడుగుతారు. పచ్చదనం, పక్కా టైము, మనుషులు, మూడూ ఒకేచోట కలిశాయి.

ఎక్కడ పనిచెయ్యదు

ముందుగా గాలి. కూర్చున్నప్పుడు నిమిషానికి 6 నుంచి 8 లీటర్ల గాలి పీలిస్తే, ఎక్సర్‌సైజ్‌లో అది చాలా రెట్లు పెరుగుతుంది, ముక్కుతో కాకుండా నోటితో పీల్చడం మొదలవుతుంది, కాబట్టి కలుషితమైన గాలి లోపలికి వెళ్ళేదీ అదే లెక్కన పెరుగుతుంది. రద్దీ రోడ్డు పక్కన చేసే పరుగుని ఆరుబయట ఎక్సర్‌సైజ్ అని పిలుచుకోవచ్చు గానీ పైన చెప్పిన లాభాలు దానికి అంటగట్టలేం. ఎండలు ముదిరిన రోజుల్లో ఒంటికి ఆ వేడి అలవాటు కావడానికే వారం నుంచి రెండు వారాలు పడుతుంది, అది లేకుండా మొదటి రోజే గట్టిగా చేస్తే వడదెబ్బ ప్రమాదం నిజమైనది. ఉరుము వినపడితే లోపలికి రావాలి, చివరి ఉరుము తర్వాత 30 నిమిషాలు ఆగాలి.

భద్రత సంగతి ఇంకా పెద్దది. చెట్ల మధ్య ఒంటరి దారి ఒకరికి ప్రశాంతత, ఇంకొకరికి, ముఖ్యంగా ఆడవాళ్ళకి, వెనక అడుగుల చప్పుడు వింటూ నడవాల్సిన చోటు. దృష్టికి విశ్రాంతి దొరకాలంటే ముందు భయం లేకుండా ఉండాలి, అనుక్షణం అప్రమత్తంగా ఉండాల్సొస్తే అది ట్రాఫిక్ రోడ్డుతో సమానమే. అలాంటప్పుడు వెళ్ళట్లేదంటే మోటివేషన్ లేదని అనడం సరికాదు, దారి సరిగ్గా లేదనాలి, లైట్లు, బెంచీలు, జనసంచారం ఉన్న పార్కు దగ్గర్లో ఉండటం అన్నది వ్యక్తి చేతిలో లేని విషయం.

కండరాల బలం కూడా నడకతో పూర్తిగా రాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ వారానికి కనీసం రెండు రోజులు పెద్ద కండరాలన్నిటికీ పని చెప్పే ఎక్సర్‌సైజ్ విడిగా ఉండాలంటుంది, పార్కులో బార్ పట్టుకుని వేలాడొచ్చు, బెంచీ మీద పుషప్స్ చెయ్యొచ్చు, కానీ బరువుని కొంచెం కొంచెంగా పెంచుకుంటూ పోవడానికి జిమ్ అంత వీలు బయట ఉండదు. జిమ్ వదిలేసి ప్రకృతిలోకి అనే నినాదం కన్నా రెంటినీ పంచుకోవడం నయం. ఇంకోటి, దేని మీదా ఆసక్తి లేకపోవడం వారాల తరబడి ఉండి, నిద్ర, ఆకలి కూడా దెబ్బతింటే అది డిప్రెషన్ కావచ్చు, అక్కడ నడక సాయపడుతుంది గానీ డాక్టర్‌కి బదులు కాదు.

దారి ఎంచుకునేటప్పుడు

పైన చెప్పినవన్నీ కలిపి చూస్తే, మొదలుపెట్టేవాళ్ళకి కావాల్సింది చాలా చిన్నది. రోజూ ఎలాగూ జరిగే ఒక పనికి ముడిపెట్టిన 5 నిమిషాల నడక, గడపకి దగ్గర్లో ఉన్న దారి, మాట్లాడగలిగేంత స్పీడు, మొదటి కొన్ని వారాలు అంకెలు చూసుకోకపోవడం. వాన పడే రోజుకి, గాలి బాలేని రోజుకి ఇంట్లో చేసుకునేది ఒకటి ముందే అనుకుని ఉంచుకోవాలి, లేకపోతే రెండు రోజుల వాన రెండు నెలల గ్యాప్ అయ్యే అవకాశం ఉంది. దారి పాతబడితే అటునుంచి ఇటు నడిచినా కొత్తగానే ఉంటుంది, సీజన్ మారేకొద్దీ అదే మారుతుంది, ట్రెడ్‌మిల్‌కి లేని వీలు ఇది.

దారిలో ఎక్కుడు ఎక్కడ రావాలన్నది కూడా ఆలోచించదగ్గదే. 2016లో జెంకో, ఎకెకాకిస్, ఏరియలీ సైకిల్ మీద 15 నిమిషాల ఎక్సర్‌సైజ్ రెండు రకాలుగా చేయించారు, కొందరికి తేలిగ్గా మొదలై కష్టంగా ముగిసేలా, కొందరికి కష్టంగా మొదలై తేలిగ్గా ముగిసేలా. మొత్తం పని దాదాపు ఒకటే, కానీ తేలిగ్గా ముగిసినవాళ్ళకి అది ఎక్కువ ఆనందంగా గుర్తుండిపోయింది, వారం తర్వాత అడిగినా అంతే. కాబట్టి కొంచెం ఒళ్ళు వేడెక్కాక మిట్ట ముందు వచ్చి, ఇంటికొచ్చేటప్పుడు వాలు వచ్చేలా దారి పెట్టుకుంటే గుర్తుండేది మంచిగా ఉంటుంది. కాకపోతే దిగుడు మరీ నిటారుగా ఉంటే తొడ కండరాలు సాగుతూనే బరువు మోయాల్సి వస్తుంది, మర్నాడో ఆ మర్నాడో మెట్లు దిగలేనంత నొప్పులొస్తాయి, అందుకని కొత్తవాళ్ళకి ఎక్కుడు కాస్త నిటారుగా, దిగుడు పొడవుగా ఏటవాలుగా ఉండే వైపునుంచి నడవడం మంచిది.